ఎలుకలు లేని శనివారం

అక్టోబర్ 14, సోమవారం

పొద్దున మైనస్ ఒకటి. దక్షిణం గాలి. మధ్యాహ్నానికి ఎండ.

ఇన్నేళ్ళూ ఈ పుస్తకంలో వాతావరణం, సాగు పనులు తప్ప ఇంకేమీ రాయలేదు. విత్తిన రోజు, వాన పడిన రోజు, కోత అయిన రోజు. ఈ ఏడు పొలమంతా మేనల్లుడు గార్త్‌కి కౌలుకిచ్చేశాను. విత్తు నాది కాదు, కోత నాది కాదు. వాతావరణం మాత్రం నా సొంతమైనట్టు ఇంకా రాస్తూనే ఉన్నాను. యంత్రాలన్నీ గార్త్ తోలుకుపోవడంతో పెద్ద షెడ్డు ఖాళీగా ఉంది. పక్షులు ఎగిరితే చప్పుడు మారుమోగుతోంది.

ఇవాళ పోస్టాఫీసు స్టెఫా తన ట్రైలర్‌ని, ఆ చక్రాల ఇంటిని, తీసుకొచ్చి అందులో పెట్టింది. భర్త నెస్టర్ బతికున్నప్పుడు కొన్నది, చిన్నదే, ఇద్దరికి సరిపోతుంది. ఆయన పోయాక తనే దాన్ని కారు వెనక తగిలించుకుని సరస్సుకు వెళ్తోంది. జూన్‌లో వెళ్తే మళ్ళీ సెప్టెంబర్‌కే ఊళ్ళోకి రావడం. నేను షెడ్డు గుమ్మంలో నిలబడి దారి చూపిస్తున్నట్టు చేతులు ఊపాను. నా చేతుల వైపు చూడకుండానే తిన్నగా లోపలికి వెనక్కి తోలింది. పోస్టాఫీసులో పనిచేసినన్నాళ్ళూ అంతే. మనం చిరునామా చెప్పేలోపు ముద్ర వేసేసేది.

"కింద పడుకో ఆర్విడ్," అంది కారు దిగీ దిగగానే.

"ఎందుకు?"

"కన్నాలు పైనుంచి కనపడవు గనక."

పడుకున్నాను. ఆమె లోపల టార్చిలైటు పట్టుకుని మూలమూలకీ తిప్పుతుంది. కిందనుంచి నాకు వెలుగు కనిపించిన చోటల్లా స్టీలు పీచు కుక్కాలి. నీళ్ళ గొట్టం దూరిన చోట, కరెంటు తీగ దూరిన చోట, నెస్టర్ ఎందుకో రంధ్రం చేసి వదిలేసిన చోట. చిటికెన వేలు పట్టే సందు ఉంటే చాలు, ఎలుక సంసారమంతా వచ్చి దిగుతుందట. "వెలుగుందా?" అని ఆమె, "ఉంది" అని నేను. చివరికి "వెలుగుందా?" అంటే "లేదు" అన్నాను. లోపలినుంచి ఒక నిట్టూర్పు వినిపించింది.

లోపల ఉప్పు డబ్బా, టీ పొట్లాలు, అగ్గిపెట్టె సహా తినేవీ కొరికేవీ అన్నీ తీసేసింది. పరుపును గోడకు నిలబెట్టింది. మూలల్లో కలరా ఉండలు పెడదామంటే వద్దంది, వేసవంతా ఆ వాసనతో పడుకోవాలట. పిప్పర్మెంట్ నూనెలో ముంచిన దూది, పక్కన ఎలుకల ఉచ్చులు పెట్టాం. నా చేతులు ఇంకా మిఠాయి కొట్టులా వాసనొస్తున్నాయి.

పోయిన చలికాలం ట్రైలర్‌ని మరిది పెరట్లో పెట్టిందట. ఏప్రిల్‌లో తలుపు తీసి చూస్తే నెస్టర్ పడుకునే వైపు పరుపు నిండా ఎలుక పిల్లలు.

"గులాబీ రంగులో, కళ్ళు కూడా తెరవలేదు. తలుపేసి ఇంటికెళ్ళి ఏడ్చాను. పరుపు తగలబెట్టాను. ఈసారి కూడా దూరాయంటే అమ్మేస్తా ఆర్విడ్. ఇంక నా వల్ల కాదు."

"నా షెడ్డులోకి ఎలా దూరతాయి?" అన్నాను. పక్కనే గోధుమ గాదె ఉన్నవాడు అనదగ్గ మాట కాదు.

అద్దె నేను అడగలేదు. ఉచ్చులు చూడ్డానికి వచ్చిన రోజు భోజనం తెస్తానంది. వచ్చే వేసవి సరస్సుకి వచ్చి చేపలు పట్టుకో, ఊరికే కూర్చున్నా ఎవరూ ఏమీ అనరు, అని కూడా అంది. చూద్దాం అన్నాను.

నవంబర్ 2, శనివారం

మైనస్ ఆరు. సన్నగా మంచు.

స్టెఫా వచ్చింది. బంగాళదుంప, జున్ను కూరిన పైరోగీలు, వేయించిన ఉల్లిపాయలు. ఉచ్చులన్నీ ఖాళీ. పరుపు శుభ్రం. సొరుగులు శుభ్రం. ఆమె ముఖంలో వెలుగు చూసి నాకూ సంతోషమేసింది. పైరోగీలు తింటూ పోస్టాఫీసు కబుర్లు చెప్పింది. కాఫీ బల్ల దగ్గరి మెర్ల్ తన సొంత చెల్లెలికి పంపే పుట్టినరోజు కార్డు మీద ఇరవై ఏళ్ళు తప్పు ఇంటి నంబరే రాశాడట. స్టెఫాయే సరిచేసి పంపేదట. వాడికి ఇప్పటికీ తెలియదు.

వెళ్ళేటప్పుడు కోటు తొడుక్కుంటూ, "బాగా మూశావు. ఇక మార్చిదాకా చూడక్కర్లేదు," అంది.

మంచిదే.

నవంబర్ 3, ఆదివారం

మైనస్ తొమ్మిది. మంచిదే. ఆమెకు పెట్రోలు ఖర్చు కలిసొస్తుంది.

నవంబర్ 5, మంగళవారం

మైనస్ ఎనిమిది. డబ్బా సూప్. నిన్నా అదే.

నవంబర్ 8, శుక్రవారం

మైనస్ పదకొండు. వాయవ్యం గాలి.

స్టెఫాకి ఫోను చేశాను. ట్రైలర్లో రెండు మూడు ఎలుక పెంటికలు కనిపించాయని చెప్పాను. పెద్ద విషయం కాదు, అని కూడా చెప్పాను. నిజానికి అవి షెడ్డులో గాదె పక్కన కనిపించాయి. ట్రైలర్‌కి అదేమంత దూరం కాదు. రెండు మూడు పెంటికలకు ఎవరూ ట్రైలర్ అమ్ముకోరు. ముందు జాగ్రత్త మంచిది, అంతే.

నవంబర్ 9, శనివారం

వచ్చింది. బీట్‌రూట్ సూపు, పైన మీగడ, వెల్లుల్లి రొట్టె. ఆమె వచ్చేసరికి పెంటికలు ట్రైలర్లో పొయ్యి పక్కన ఉన్నాయి. అబద్ధం ఆడినా అతికినట్టుండాలని పెద్దలు ఊరికే అనలేదు.

వాటిని టార్చిలైటు వేసి చాలాసేపు చూసింది.

"ఎలా దూరిందంటావు?"

"ఎలకలు కదా," అన్నాను.

మళ్ళీ కింద పడుకున్నాను. మళ్ళీ "వెలుగుందా?", "లేదు." వీపు చల్లబడింది గానీ రోజు బాగా గడిచింది.

నవంబర్ 16, శనివారం

మా పిల్లి పాస్టరు గురువారం గాదె దగ్గర ఒక ఎలుకను పట్టింది. వృథా చేయడమెందుకని ఉచ్చులో పెట్టాను. స్టెఫా క్యాబేజీ చుట్టలు తెచ్చింది.

నవంబర్ 23, శనివారం

మైనస్ పద్దెనిమిది. రాత్రి ట్రైలర్లో గీకుతున్న చప్పుడు విన్నానని చెప్పాను. విన్నట్టే అనిపించింది. పుట్టగొడుగుల పులుసు.

డిసెంబర్ 1, ఆదివారం

మైనస్ ఇరవై. గాలి లేదు.

ఆగస్టులో గార్త్ యంత్రం దిగేముందు, చేను మూలన కొంచెం గోధుమను తాతగారి కొడవలితో కోసి పన కట్టి దాచాను. పోయిన క్రిస్మస్‌కి స్టెఫా వాళ్ళ దేవుడి పటం కింద పెట్టడానికి పట్నం నుంచి ప్లాస్టిక్ రిబ్బను కట్టిన కట్ట కొనుక్కొచ్చింది. "చుట్టూ కనుచూపు మేర గోధుమే, ఊళ్ళో ఒక్క పన దొరకదు," అని అందరి ముందూ గార్త్‌ని ఎద్దేవా చేసింది. అప్పుడే అనుకున్నాను.

ఇన్నాళ్ళూ దాన్ని పశువుల కొట్టంలో వేలాడదీశాను. అక్కడ ఉంటే క్రిస్మస్‌కి గడ్డి మాత్రమే మిగిలేలా ఉంది. ఈ పొలం మొత్తం మీద ఎలుక దూరలేని చోటు ఒక్కటే, స్టెఫా ట్రైలర్. మంచం కింద అరలో పెట్టి మూత వేశాను. స్టెఫా ఆ అర తెరవదు, అందులో ఏమీ లేదని తనకి తెలుసు.

డిసెంబర్ 7, శనివారం

మైనస్ ఇరవై నాలుగు.

స్టెఫా ఉపాయం: పాస్టరును ఒక గంట ట్రైలర్లో వదిలితే సరి. వదిలాం. గంట తర్వాత తలుపు తీస్తే మంచం పలక మీద, సరిగ్గా అర మూత మీద, ముడుచుకుని పడుకుని ఉంది.

"ఇదేం పిల్లి ఆర్విడ్? జీతం తీసుకుని నిద్రపోయే గుమాస్తాలా ఉంది."

"ఆదివారం ప్రసంగం తయారుచేసుకుంటోంది."

నవ్వింది. నవ్వితే ఎడమ చెంప మీద ఒక గీత పడుతుంది. అయితే తర్వాత మంచం అంచు మీద కూర్చుని దూది మార్చుతూ ఒకే దూదిని రెండుసార్లు నూనెలో ముంచింది. అలసటగా ఉందా అని అడిగాను. లేదంది. చేప కట్లెట్లు తెచ్చింది, సగం తినకుండా వదిలేసింది.

డిసెంబర్ 11, బుధవారం

ఊరి మంచు ఆటల రింకులో కాఫీ బల్ల దగ్గర అందరూ ఉన్నారు. నన్ను చూడగానే మెర్ల్ మొదలుపెట్టాడు.

"ఏరా ఆర్విడ్, కొండను తవ్వి ఎలకను పట్టినోళ్ళని చూశాం గానీ, ఎలకను చూపించి విందు భోజనం తినేవాణ్ణి నిన్నే చూస్తున్నా. ఇంకెన్ని మిగిలాయి?"

"వస్తూనే ఉన్నాయి," అన్నాను.

"తొందరగా తిను మరి. ట్రైలర్ అమ్ముతోందిగా."

కోఆపరేటివ్ కొట్టు బోర్డు మీద కాగితం అంటించిందట. వెళ్ళి చూశాను. ఆమె దస్తూరీయే. 'శుభ్రమైనదే గానీ ఎలుకలు ఉన్నాయి. అబద్ధం చెప్పను.' అని కింద గీత గీసి మరీ రాసింది.

ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్న వాళ్ళుంటారు. ఇక్కడ ఎలుకలే లేవు. నిప్పు మాత్రం నేను పెట్టాను.

డిసెంబర్ 14, శనివారం

మైనస్ ఇరవై ఆరు. మాటలు ముందే అనుకుని పెట్టుకున్నాను.

"స్టెఫా, ట్రైలర్లో ఎలకలు లేవు."

"ఈ వారమా?"

"అసలు లేవు. ఎప్పుడూ లేవు."

గరిట పక్కన పెట్టి నా చేతి మీద చెయ్యి వేసింది.

"నేను మనసు కష్టపెట్టుకుంటానని దాస్తున్నావు. నాకు తెలుసు. మంచోడివి ఆర్విడ్, ఎప్పుడూ మంచోడివే. పరవాలేదు, నేనో నిర్ణయానికి వచ్చేశాను."

ఆ చెయ్యి అక్కడ ఉన్నంతసేపూ నేను నోరు తెరవలేకపోయాను. తీసేశాక తెరిచి ఏం లాభం? అప్పటికి టీ పోస్తోంది.

డిసెంబర్ 25, బుధవారం

గార్త్ ఇంట్లో. క్షారంలో నానబెట్టిన చేప, మా అమ్మ చేసినట్టే జిగటగా. పిల్లలు ముక్కులు మూసుకున్నారు. నా భార్య ఇంగ్రిడ్ పోయాక ఇది ఏడో క్రిస్మస్. నువ్వుంటే ఏమనేదానివి ఇంగ్రిడ్? అనేదేమీ లేదు, నా తల మీద ఒకటి మొట్టేదానివి.

జనవరి 6, సోమవారం

మైనస్ ముప్ఫై. ఆకాశం నిర్మలం.

స్టెఫా వాళ్ళ పాత క్యాలెండరు ప్రకారం ఇవాళ క్రిస్మస్ ముందురాత్రి. వాళ్ళ చర్చిలో తేదీ మార్చాలని మాట్లాడుకుంటున్నారట. మార్చుకోనీ, నేను మార్చను, అంది. మొదటి చుక్క పొడిచాకే భోజనం. నన్ను రమ్మంది. గోధుమ పన దుప్పట్లో చుట్టి తీసుకెళ్ళాను.

దుప్పటి విప్పాను. వెన్నులు వేళ్ళతో తడిమింది.

"యంత్రం కోసింది కాదు ఇది."

"కొడవలి."

"నీ నడుముతో?"

"నా నడుముతోనే."

పటం కింద నిలబెట్టి కాసేపు అటే తిరిగి నిలబడింది. కళ్ళు తుడుచుకోవడం నేను చూడలేదు అనుకుంటోంది, చూశాను.

బల్ల గుడ్డ కింద ఎండుగడ్డి. మాంసం లేని పన్నెండు వంటకాలు. మూడు కంచాలు. నేను ఎక్కడ కూర్చోవాలో తోచక నిలబడితే, "అది నెస్టర్‌ది. లేనివాళ్ళకి ఒకటి పెడతాం. నీది ఇది, నా పక్కన," అంది. నెస్టర్ కంచంలో తేనె, గసగసాలు కలిపిన ఉడికిన గోధుమ ఒక చెంచాడు వడ్డించింది. ప్రార్థన చేసింది. నాకు మాటలు తెలియవు, తల వంచుకున్నాను.

తల ఎత్తేసరికి పన గలగలమంది. ఒక ఎలుక, బాగా బలిసింది, గడ్డి వెంట దిగి బల్ల ఎక్కి తిన్నగా నెస్టర్ కంచంలోకి వెళ్ళి కూర్చుంది. రెండు చేతులతో గోధుమ గింజ పట్టుకుని తినడం మొదలుపెట్టింది.

నేను చెప్పు తీశాను. స్టెఫా నా మణికట్టు పట్టుకుంది.

"వద్దు. ఇవాళ రాత్రి దేన్నీ తరమకూడదు. ముందు మూగజీవాలు, తర్వాతే మనం."

అది తిన్నంతసేపూ ఇద్దరం కదలకుండా కూర్చున్నాం. ముందు ఆమె భుజాలు కదిలాయి, తర్వాత నావి. నవ్వి నవ్వి ఆమెకు కళ్ళనీళ్ళు వచ్చాయి. నా జీవితంలో ఇంత బాగా నవ్విన రోజు ఈమధ్య లేదు. ఎలుక తీరిగ్గా మూతి తుడుచుకుని పొయ్యి వెనక్కి వెళ్ళిపోయింది.

"ఇంతకీ పన ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావు?" అని అడిగింది, ఇంకా నవ్వుతూనే.

"ట్రైలర్లో. మంచం కింద అరలో."

నవ్వు ఆగిపోయింది.

"చూశావా మరి. మంచం కిందకే చేరాయి." కాసేపు పటం వైపు చూసింది. "కాగితం అంటించి మంచి పనే చేశాను. శనివారం కాక పై శనివారం రెజీనా పట్నం నుంచి ఎవరో చూడ్డానికి వస్తామన్నారు."

అప్పుడే చెప్పి ఉండాల్సింది. పండగ పూట, నెస్టర్ కంచం ముందు ఎలా చెప్పను? పన్నెండు వంటకాలూ తిన్నాను.

జనవరి 7, మంగళవారం

మైనస్ ముప్ఫై ఒకటి. పొద్దున్నే ట్రైలర్ మొత్తం వెతికాను. పరుపు, దిండ్లు, తీగలు, గోడలు. ఎక్కడా కొరికిన గుర్తు లేదు. అరలో మాత్రం ఊక, పొట్టు. ఆ ఒక్క ఎలుకా కొట్టంలోనే పనలో కాపురం పెట్టింది. నేనే దాన్ని దుప్పట్లో చుట్టి చంటిబిడ్డలా మోసుకొచ్చి, ఎలుకలు దూరలేని చోట పెట్టి, మూత వేశాను. నెల రోజులు అక్కడ కూర్చుని తింది. పైన పాస్టరు నిద్రపోయింది.

జనవరి 11, శనివారం

మంచు తుఫాను. రోడ్లు మూశారు. ఎవరూ రాలేదు.

జనవరి 18, శనివారం

చలి తగ్గింది. మైనస్ తొమ్మిది. ఎండ తగిలి కప్పు మీది మంచు కరిగి చూరు కారుతోంది.

పదింటికి స్టెఫా, ఆమె వెనక రెజీనా వాళ్ళు. కుర్ర జంట. అమ్మాయికి నెలలు నిండినట్టున్నాయి, వీపు మీద చెయ్యి పెట్టుకుని నడుస్తోంది. అబ్బాయి పేరు జొయెల్. ట్రైలర్ లోపలికెళ్ళి, "అబ్బ, ఎంత ముద్దుగా ఉందో," అని అమ్మాయి అంటే స్టెఫా గుమ్మం దగ్గరే నిలబడి తన గ్లవ్స్ వైపు చూసుకుంది.

"కాగితం మీద ఎలకలు అని రాశారు కదండీ," అన్నాడు జొయెల్. "ఎన్ని ఉంటాయండీ? తీగలేమైనా కొరికాయా?"

"ఆయన్ని అడుగు బాబూ. వారం వారం పట్టేది ఆయనే."

ముగ్గురూ నా వైపు తిరిగారు.

తీగలన్నీ పోయాయి బాబూ, గోడల నిండా గూళ్ళే, అంటే చాలు. కడుపుతో ఉన్న పిల్ల, వెంటనే కారెక్కేవారు. ట్రైలర్ నా షెడ్డులోనే ఉండేది. స్టెఫా శనివారాలు వచ్చేది. వేసవిలో సరస్సు ఒడ్డున నాకో కుర్చీ ఉండేది. ఇన్ని చెప్పినవాడికి ఇంకొక్కటి ఎంతసేపు? మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. అప్పుడు స్టెఫా ముఖం చూశాను. నేను ఏం చెబితే అది నమ్మడానికి సిద్ధంగా నిలబడి ఉంది.

"ఎలకలు లేవు," అన్నాను.

"ఆర్విడ్, వాళ్ళకి నిజం చెప్పు," అంది స్టెఫా. "నన్ను ఓదార్చక్కర్లేదు."

"నిజమే చెప్తున్నా. ఒక్కటి కూడా దూరలేదు. నువ్వు టార్చి పట్టావు, నేను కన్నాలు మూశాను, ఒక్క సందు మిగల్లేదు. పెంటికలు గాదె దగ్గరనుంచి నేనే తెచ్చి పెట్టాను. ఉచ్చులో ఉన్నది పాస్టరు పట్టిన ఎలక. చప్పుడూ లేదు, ఏమీ లేదు. పండగనాడు వచ్చింది మాత్రం పనతో పాటు కొట్టంలోంచి వచ్చింది. అదొక్కటే లోపలికెళ్ళింది. దాన్నీ నేనే ఎత్తుకెళ్ళి పెట్టాను."

స్టెఫా గ్లవ్స్ తీసి జేబులో పెట్టుకుంది.

"ఎందుకూ?" అంది స్టెఫా.

"మార్చిదాకా రానన్నావు."

జొయెల్ దగ్గాడు. అతని భార్య నన్ను చూసి, స్టెఫాను చూసి, ట్రైలర్ మెట్టు మీద కూర్చుంది.

"అయితే మాకేం అభ్యంతరం లేదండీ," అన్నాడు జొయెల్. "ఎలకల్లేకపోతే ఇంకా మంచిదే కదా. తీసుకుంటాం."

"మీకు మంచిదే బాబూ," అంది స్టెఫా, నా మీదనుంచి కళ్ళు తిప్పకుండా. "ఎలకలు లేని ట్రైలర్ని నేనెందుకు అమ్ముకుంటాను?"

అతను ఏదో అనబోయాడు. భార్య చెయ్యి పట్టి లేపమంది, లేపాడు. పాపం అంతదూరం నుంచి వచ్చారు. స్టెఫా వాళ్ళ కోసం తెచ్చిన కేకు మొత్తం కట్టి ఇచ్చి పంపింది.

వాళ్ళ కారు వెళ్ళాక నా వైపు తిరిగింది.

"పెంటికలు చేత్తో తెచ్చావా?"

"చెంచాతో."

"ఏ చెంచాతో?"

"పారేశాను దాన్ని."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"రాత్రి కళ్ళు మూసుకుంటే ఆ గులాబీ రంగు పిల్లలే కనపడేవి. నెస్టర్ పరుపు మీద. దిండ్ల గుడ్డలు ఎన్నిసార్లు ఉతికానో నీకు తెలుసా? ఆ కాగితం రాస్తూ ఆయన్ని ఇంకోసారి పంపించేసినట్టు ఏడ్చాను. నువ్వేమో నా పైరోగీలు తింటూ కూర్చున్నావు."

ట్రైలర్ చక్రాన్ని బూటుతో ఒక్క తాపు తన్ని వెళ్ళిపోయింది. ఆ తన్ను ఎవరికో నాకు తెలుసు.

జనవరి 19, ఆదివారం

మైనస్ పద్నాలుగు.

జనవరి 21, మంగళవారం

మైనస్ ఇరవై రెండు. ఫోను ఎత్తి మళ్ళీ పెట్టేశాను.

జనవరి 22, బుధవారం

ఫోను చేశాను. క్షమించమన్నాను. "విన్నాను," అని పెట్టేసింది.

మెర్ల్ కాఫీ బల్ల దగ్గర ఏమీ అనలేదు. వాడు ఏమీ అనలేదంటే ఊరంతా తెలిసిందన్నమాట. లేచేటప్పుడు నా కాఫీ డబ్బులు వాడే ఇచ్చాడు. అది తిట్టిన దానికంటే ఎక్కువ నొప్పి పుట్టించింది.

జనవరి 25, శనివారం

మైనస్ ఇరవై ఏడు. ఉచ్చులు చూశాను. చూడ్డానికి ఏముంది.

ఆమెను చూడకుండా శనివారం గడపలేను. ఇక్కడ నేను తప్ప ఎవరూ చదవరు, అయినా రాయడానికి ఇన్ని రోజులు పట్టింది. ఎలుకల సంగతి కాదు ఇది, ట్రైలర్ సంగతీ కాదు. డెబ్బై రెండేళ్ళ వాడికి ఇది రావచ్చా అని అడిగితే ఎవరు చెబుతారు? వచ్చింది.

జనవరి 29, బుధవారం

మైనస్ ముప్ఫై. పాస్టరు ఎలుకను పట్టి గుమ్మంలో పెట్టింది. పూడ్చిపెట్టాను. నేల గట్టిగా ఉంది, గడ్డపార కావలసి వచ్చింది.

ఫిబ్రవరి 1, శనివారం

పదకొండు దాటాక కారు చప్పుడు. షెడ్డు వైపు వెళ్తుందనుకుని తాళం చెవి తీసుకుని బయటకి పరిగెత్తాను, ఒక కాలికే బూటు. ఆమె ఇంటి మెట్ల దగ్గర ఆగింది. చేతిలో గిన్నె.

"షెడ్డు తీయనా?" అన్నాను.

"దేనికి? ఎలకలు లేవుగా."

లోపలికి వచ్చి గిన్నె పొయ్యి మీద పెట్టింది. నేను రెండు కంచాలు తీశాను. బీట్‌రూట్ సూపు. ఉప్పు కొంచెం ఎక్కువైంది, ఇద్దరం ఆ మాట అనలేదు. పాస్టరు ఆమె ఒడిలోకి ఎక్కింది, తొయ్యలేదు.

"నెస్టర్ కూడా ఇంతే," అంది చివరికి. "నన్ను ఇమ్మని మా నాన్నని అడగడానికి భయపడి, మా ఇంట్లో దూడకి జబ్బు చేసిందని ఊళ్ళో చెప్పి, మందు పట్టుకుని వచ్చేవాడు. దూడ గుండ్రాయిలా ఉండేది. మీ మగాళ్ళకి జంతువు అడ్డం లేకపోతే మాట రాదా?"

"నాకు రాలేదు."

"రమ్మనడానికి ఎలకెందుకు ఆర్విడ్? నీకు నోరు లేదూ?"

"ఉంది."

"అయితే దాన్ని వాడు."

గిన్నె కడిగి, తుడిచి, కోటు తొడుక్కుంది. బొత్తాలు ఒక్కొక్కటే పెట్టుకుంటోంది. ఇంత నెమ్మదిగా పెట్టుకోవడం ఎప్పుడూ చూడలేదు. పోస్టాఫీసులో మనం చెప్పకముందే ముద్ర వేసే మనిషి, ఇవాళ నేను చెప్పేదాకా ఆగింది.

"వచ్చే శనివారం రా," అన్నాను.

"ఎందుకు?"

అటూ ఇటూ చూశాను. చెప్పడానికి ఒక్క సాకూ దొరకలేదు.

"నువ్వు రాకపోతే నాకు వారం గడవదు స్టెఫా. ఎప్పటినుంచో గడవడం లేదు."

ఆఖరి బొత్తాం దగ్గర చెయ్యి ఆగింది. ఎడమ చెంప మీద ఆ గీత.

"వస్తాను. వంట మాత్రం నీదే."

"నాకు గుడ్లు వేయించడం తప్ప ఏమీ రాదు."

"తెలుసు," అంది తలుపు తీస్తూ. "అవే తింటాను."